పేరు రాజుది, పెత్తనం ఎవరిది?

పాత పెట్టెలో పులి రూపాయి

కొన్ని ఇళ్లల్లో అమ్మమ్మల, నాయనమ్మల పాత పెట్టెలు ఉంటాయి. వాటి అడుగున ఒక్కోసారి పాత రూపాయి బిళ్ళ దొరుకుతుంది. ఒకవైపు పులి బొమ్మ. 1947 అనే అంకె. రెండోవైపు తిప్పితే కిరీటం పెట్టుకున్న మనిషి తల. ఆయన ఇంగ్లండు రాజు ఆరో జార్జి.

1947 అంటే మనకు స్వతంత్రం వచ్చిన సంవత్సరం. ఆ ఏటి రూపాయి మీద తెల్లదొరల రాజు ఎందుకున్నాడు? ఆ ఒక్క ఏడాదే కాదు. తెల్లదొరలు వెళ్లిపోయాక కూడా మూడేళ్లు ఆ బొమ్మే చేతులు మారింది. 1950 ఆగస్టు 15న గానీ సింహాల గుర్తుతో కొత్త నాణేలు రాలేదు.

ఎందుకంటే ఆ రోజుల్లో మన దేశానికి స్వతంత్రం వచ్చింది గానీ, పేరుకు రాజు అలాగే ఉన్నాడు. మనకు ఆ ముచ్చట మూడేళ్లలో తీరిపోయింది. కొన్ని దేశాల్లో ఇప్పటికీ తీరలేదు.

పేరుకే గదా రాజు! ఉంటే ఏం పోయింది? దేశ స్వతంత్రానికి దానివల్ల లోటు ఉందా? "మేము ఫలానా దేశం వాళ్లం" అని తల ఎత్తుకుని చెప్పుకోవడానికి అది అడ్డమా? ఈ సంగతి తెలుసుకుందాం.

ఉత్సవ విగ్రహం

గుడిలో మూలవిరాట్టు వేరు, ఉత్సవ విగ్రహం వేరు. ఊరేగింపుకు వచ్చేది ఉత్సవ విగ్రహం. అందుకే అధికారం లేకుండా పేరుకు ముందు నిలబడే మనిషిని 'ఉత్సవ విగ్రహం' అంటారు.

బ్రిటన్ రాజు ఇప్పుడు అలాంటివాడే. అక్కడ చట్టాలు చేసేది పార్లమెంటు. పాలించేది ప్రధానమంత్రి. కానీ చట్టం చెల్లాలంటే రాజు ఆమోదం ఉండాలి. ప్రభుత్వం నడిచేది రాజు పేరు మీద.

ఎలిజబెత్ రాణి 70 ఏళ్లు ఆ పీఠం మీద ఉంది. 2022 సెప్టెంబరు 8న ఆమె చనిపోయింది. వెంటనే కొడుకు చార్లెస్ రాజయ్యాడు. ఎవరూ ఓటు వెయ్యలేదు. అది పుట్టుకతో వచ్చే పదవి.

ఆయన ఒక్క బ్రిటన్‌కే రాజు కాదు. ఒకప్పుడు బ్రిటన్ ఏలిన దేశాల్లో 14 దేశాలకు ఆయనే రాజు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జమైకా వాటిలో ఉన్నాయి. ఇవన్నీ స్వతంత్ర దేశాలే. వాటికి సొంత పార్లమెంటు ఉంది. సొంత సైన్యమో, పోలీసులో ఉన్నారు. రాజు అక్కడ ఉండడు. ఆయన బదులు గవర్నర్ జనరల్ అనే ప్రతినిధి ఉంటారు.

మన ఊళ్లల్లో దీనికి తిరగేసిన కథ ఉంది. కొన్నిచోట్ల సర్పంచ్ ఆడమనిషి. కుర్చీ మీద కూర్చునేది, కాగితాలు రాయించేది మాత్రం ఆమె భర్త. పేరు భార్యది, పెత్తనం మొగుడిది. ఆ దేశాల్లో పేరు రాజుది, పెత్తనం జనం ఎన్నుకున్నవాళ్లది. జనం చేతిలో పెత్తనం ఉంది గదా, ఇంక పేరుతో పనేముంది? ఈ ప్రశ్నకు ఒక చిన్న దీవి కథ జవాబు చెబుతుంది.

చెరకు దీవి

ఆ దీవి పేరు బార్బడోస్. అమెరికా ఖండాల మధ్య కరీబియన్ దీవుల్లో ఉంది. మన మండలాలు రెండు కలిపితే సుమారు అంత ఉంటుంది. జనం మూడు లక్షలకు లోపే.

1627లో ఇంగ్లండు వాళ్లు అక్కడ దిగారు. కొన్నేళ్లకే చెరకు వేశారు. చెరకు అంటే ఎంత చాకిరీ ఉంటుందో మన ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాటాలి, కలుపు తియ్యాలి, కొట్టాలి, కట్టలు మొయ్యాలి, గానుగ ఆడించాలి, పాకం కాచాలి. ఈ పనంతటికీ ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకొచ్చారు. ఓడల్లో గొలుసులతో కట్టి తెచ్చారు. సంతలో పశువుల్ని అమ్మినట్టు అమ్మారు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే. బిడ్డను అమ్మేస్తే తల్లికి అడిగే హక్కు లేదు.

ఈ వ్యాపారంలో రాజకుటుంబానికి కూడా చెయ్యి ఉంది. మనుషుల్ని తెచ్చి అమ్మిన ఒక పెద్ద కంపెనీకి ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ పట్టా ఇచ్చాడు. దానికి పెద్ద ఆయన తమ్ముడు జేమ్స్. తర్వాత ఆ జేమ్స్ కూడా రాజయ్యాడు. కొన్న మనుషుల ఒంటి మీద జేమ్స్ పదవి పేరులోని పొడి అక్షరాలతో వాతలు పెట్టించారు. ఆ మనుషులు మొదట చూసిన ఇంగ్లీషు అక్షరాలు తమ చర్మం మీద కాల్చినవే కావచ్చు.

అక్షరం వచ్చిన ఆడమనిషి

అదే దీవిలో అక్షరం ఇంకో పని కూడా చేసింది.

నానీ గ్రిగ్ అని ఒక ఆడమనిషి ఉండేది. ఆమె ఒక చెరకు తోట యజమాని ఇంట్లో బానిస. ఆమెకు చదవడం వచ్చు. యజమాని ఇంటికి వచ్చే పేపర్లు చదివేది. ఇంగ్లండులో బానిసల గురించి మాట్లాడుతున్నారని తెలుసుకుంది. పక్కనున్న హైటీ దేశంలో బానిసలు తిరగబడి గెలిచారని కూడా తెలుసుకుంది. తనకు తెలిసింది మిగతావాళ్లకు చెప్పింది. విడుదల చెయ్యకపోతే పోరాడి తెచ్చుకోవాలని చెప్పింది.

1816 ఏప్రిల్ నెల, ఈస్టర్ పండుగ రోజు రాత్రి బానిసలు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు బుస్సా. చెరకు తోటలు తగలబడ్డాయి. తెల్లవాళ్ల సైన్యం కొద్ది రోజుల్లోనే తిరుగుబాటును అణిచేసింది. వందల మందిని చంపేశారు. కానీ ఆ మంట పొగ లండన్ దాకా కనపడింది.

1834లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం అమలయింది. అయినా ఇంకో నాలుగేళ్లు కూలి లేని చాకిరీ చేయించారు. 1838లో గానీ పూర్తిగా విడుదల కాలేదు. నష్టపరిహారం కింద బ్రిటన్ ప్రభుత్వం రెండు కోట్ల పౌన్లు పంచింది. అది ఎవరికి? చాకిరీ చేసినవాళ్లకు కాదు. బానిసలు పోయి నష్టపోయామన్న యజమానులకు!

ప్రమాణం ఎవరి మీద?

1966 నవంబరు 30న బార్బడోస్‌కు స్వతంత్రం వచ్చింది. సొంత జెండా వచ్చింది. సొంత పాట వచ్చింది. సొంత ప్రధానమంత్రి వచ్చాడు. రాణి మాత్రం అలాగే ఉండిపోయింది.

దానివల్ల ఏం జరిగింది? రోజువారీ పనికి అడ్డేమీ రాలేదు. బడులు నడిచాయి. ఆసుపత్రులు కట్టారు. ఎన్నికలు జరిగాయి. లండన్ నుంచి ఎవరూ వచ్చి "ఇది చెయ్యి, అది మానుకో" అనలేదు.

కానీ ఒక సంగతి ఉంది. ఎంపీగా గెలిచిన మనిషి సభలో నిలబడి ప్రమాణం చెయ్యాలి. ఆ ప్రమాణం ఎవరి మీద? తన ఊరి మీద కాదు, తన దేశం మీద కాదు. రాణికీ, ఆమె వారసులకూ విధేయంగా ఉంటానని చెప్పాలి. బానిసల మునిమనవరాలు గెలిచి వచ్చి, ఆ బానిసల్ని కొన్న రాజుల పీఠానికి విధేయంగా ఉంటానని నోటితో అనాలి.

ఇంకో సంగతి. ఆ దేశంలో పుట్టిన పిల్ల ఎంత చదివినా, ఎంత సేవ చేసినా దేశాధినేత కాలేదు. ఆ పదవి సముద్రం అవతల ఒక్క ఇంటి పిల్లలకే రాసిపెట్టి ఉంది.

కడుపుకు తగలకపోయినా ఇది పరువుకు తగిలే సంగతి.

2021 నవంబరు 30

ఈ చర్చ బార్బడోస్‌లో చాలా ఏళ్లు నడిచింది. ఒక్కో ముడీ విప్పుతూ వచ్చారు. ఒకప్పుడు అక్కడ పెద్ద కేసుల ఆఖరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లేది. 2005లో దాన్ని కరీబియన్ దేశాలు కలిసి పెట్టుకున్న కోర్టుకు మార్చారు. ఊరి నడిబొడ్డున 1813 నుంచి నెల్సన్ అనే ఇంగ్లీషు సేనాని విగ్రహం ఉండేది. 2020 నవంబరులో దాన్ని అక్కడి నుంచి తీసేశారు.

2021లో పార్లమెంటు రాజ్యాంగం మార్చింది. నవంబరు 29 అర్ధరాత్రి దాటాక, 30 తారీఖు మొదలవుతుండగా, రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో రాణి జెండా దించారు. సాండ్రా మేసన్ తొలి రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది. పక్కన ప్రధానమంత్రి మియా మోట్లీ ఉంది. ఇద్దరూ ఆడవాళ్లే. ఇద్దరూ ఆ దీవిలో పుట్టిన నల్లజాతి వాళ్లే. ఎలిజబెత్ రాణి కొడుకు చార్లెస్ అతిథిగా వచ్చి ఇదంతా చూశాడు. బానిసత్వం తమ చరిత్రకు చెరగని మచ్చ అని ఆ సభలోనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు అక్కడ ప్రమాణం బార్బడోస్ మీదే చేస్తారు.

తెల్లారి లేస్తే బియ్యం ధర తగ్గలేదు. దేశం అప్పు తీరలేదు. పాత చట్టాలే, పాత ప్రధానమంత్రే. జనాన్ని ఓటు అడగకుండా పార్లమెంటే తేల్చేసిందని కొందరు తప్పుపట్టారు కూడా. ఆ మాటలో న్యాయం ఉంది. జనం పేరు మీద చేసే పనికి జనాన్ని అడిగితే ఇంకా బాగుండేది.

పేరు ప్రాణం పోసుకున్న రోజు

పరువు సంగతి సరే. పెత్తనానికి ఎప్పుడూ ఇబ్బంది రాదా? ఒక్కోసారి వస్తుంది. ఆస్ట్రేలియాలో వచ్చింది.

1975లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి గాఫ్ విట్లం. కింది సభలో ఆయన పార్టీకే మెజారిటీ. పై సభలో లేదు. పై సభ వాళ్లు ఖర్చుల బిల్లును ఆపేశారు. గొడవ ముదిరింది. నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధానమంత్రిని పిలిచి పదవి నుంచి తీసేశాడు. ప్రతిపక్ష నాయకుడు మాల్కం ఫ్రేజర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

జాన్ కెర్ ఎవరి ఓటుతోనూ గెలవలేదు. రాణి ప్రతినిధిగా ఉన్న అధికారం అది. అన్నాళ్లూ పేరుకే అనుకున్న అధికారం ఆ రోజు లేచి నిలబడింది. ఈ పని చేస్తున్నానని ఆయన రాణికి కూడా ముందుగా చెప్పలేదు. ఆ తర్వాత డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. జనం ఫ్రేజర్‌నే గెలిపించారు. అయినా అలా తీసెయ్యడం న్యాయమా కాదా అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు.

1999లో ఆస్ట్రేలియా జనాన్ని ఓటు అడిగారు. రాణి వద్దు, మన రాష్ట్రపతిని మనం పెట్టుకుందామా అని. నూటికి సుమారు 55 మంది వద్దన్నారు. అందరూ రాణి మీద ప్రేమతో వద్దనలేదు. రాష్ట్రపతిని పార్లమెంటు ఎన్నుకుంటుందని ఆ కాగితంలో ఉంది. మా ఓటుతో ఎన్నుకోనప్పుడు మాకెందుకని చాలామంది వద్దన్నారు. మిగతావాళ్లు ఉన్నది బాగానే ఉంది గదా అన్నారు.

రాజు ఉంటేనే మంచిదనే వాళ్ల వాదన కూడా వినాలి. రాజుకు పార్టీ లేదు, కాబట్టి ఎవరి వైపూ మొగ్గడు అంటారు. న్యూజిలాండ్‌లో ఇంకో సంగతి ఉంది. అక్కడి మావోరి తెగ పెద్దలు 1840లో బ్రిటన్ రాణి ప్రతినిధులతో ఒడంబడిక రాసుకున్నారు. తమ భూముల గురించి వాళ్లు నేటికీ ఆ కాగితమే చూపించి అడుగుతారు. సంతకం పెట్టిన పీఠం పోతే మాట ఎవరు నిలబెడతారని వాళ్లలో కొందరికి అనుమానం. కాగితం విలువ తెలిసిన వాళ్లకు ఆ భయం అర్థమవుతుంది.

మన దేశంలో ఏం జరిగింది?

ఇప్పుడు మళ్లీ మన పులి రూపాయి దగ్గరకు వద్దాం.

1947 ఆగస్టు 15 తర్వాత మన తొలి గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్. ఆయన ఇంగ్లీషువాడే. 1948 జూన్‌లో రాజగోపాలాచారి ఆ పదవిలోకి వచ్చారు. ఇంతలో రాజ్యాంగ సభ కూర్చుని రాజ్యాంగం రాసింది. ఆ సభలో కూర్చున్న కొద్దిమంది ఆడవాళ్లలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. లండన్‌కు వెళ్లే ఆఖరి అప్పీలును 1949లో మన వాళ్లు రద్దు చేశారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. గవర్నర్ జనరల్ పదవి పోయింది. బాబూ రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతి అయ్యారు. మన రాజ్యాంగం రాజు పేరుతో మొదలు కాదు, ప్రజల పేరుతో మొదలవుతుంది.

రాజు పోయినా బ్రిటన్‌తో స్నేహం పోలేదు. 1949 ఏప్రిల్‌లో లండన్‌లో ఒక ఒప్పందం జరిగింది. భారతదేశం కామన్‌వెల్త్ అనే దేశాల కూటమిలో ఉంటుంది, కానీ రాజుకు విధేయంగా ఉండదు. రాజు ఆ కూటమికి మాత్రమే పెద్ద. మన దేశానికి కాదు. చేతులు కలపవచ్చు, చేతులు కట్టుకోనక్కర్లేదు అన్నమాట. బార్బడోస్ కూడా ఇప్పుడు అలాగే ఉంది.

హైదరాబాద్ రాష్ట్రంలో ఈ కథకు ఇంకో ముక్క ఉంది. అక్కడ నిజాం రాజ్యం. చార్మినార్ బొమ్మతో నిజాం సొంత నాణేలు ఉండేవి. 1948 సెప్టెంబరులో ఆ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950 నుంచి 1956 దాకా నిజాంనే 'రాజప్రముఖ్' అని పేరుకు పెద్దగా ఉంచారు. 1952 ఎన్నికల తర్వాత పాలించింది ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. 1956లో రాజప్రముఖ్ పదవి పోయింది. 1971లో దేశంలోని పాత రాజులందరి బిరుదులూ, భరణాలూ రద్దయ్యాయి.

రాజు పోతే చాలా?

చాలదు. దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది.

1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి. అప్పటి గవర్నర్ రాంలాల్ ఆయన్ని పదవి నుంచి తీసేసి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశాడు. రాజు లేని దేశంలోనే, ఓటుతో గెలవని మనిషి ఓటుతో గెలిచిన మనిషిని తీసేశాడు. జనం ఊరుకోలేదు. వీధుల్లోకి వచ్చారు. గవర్నర్‌ను మార్చారు. నెల తిరగ్గానే రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

అంటే పేరు మార్చుకుంటే సరిపోదు. కావలి కూడా కాసుకోవాలి.

పట్టా ఎవరి పేరున ఉంది?

ఒక పొలం ఉందనుకోండి. దున్నేది మొగుడు. విత్తేది, కలుపు తీసేది, కోసేది, నూర్చేది భార్య. పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మాత్రం మొగుడిది. "పేరులో ఏముందిలే, పంట ఇంటికే గదా వచ్చేది" అని ఆమె అనుకుంటుంది. మామూలు రోజుల్లో అది నిజమే. గింజలు ఆ పేరు చూసి పండవు.

కానీ బ్యాంకు అప్పు కావాల్సిన రోజు వస్తుంది. మొగుడు పొలం అమ్ముతానన్న రోజు వస్తుంది. అన్నదమ్ములు వాటా అడిగిన రోజు వస్తుంది. ఆ రోజు అందరూ పుస్తకం తెరిచి పేరే చూస్తారు. ఆ చెడ్డ రోజు రాకపోయినా, "ఇది నా పొలం" అని ఆమె గట్టిగా అనలేదు.

దేశం సంగతీ అంతే. పేరుకు మాత్రమే రాజు ఉన్న దేశాన్ని బానిస దేశం అనలేం. కెనడా, ఆస్ట్రేలియా జనం తమ పాలన తామే చేసుకుంటున్నారు. రాజు వద్దనుకుంటే తీసెయ్యగలరు. తీసెయ్యగల శక్తి ఉండడమే అసలైన స్వతంత్రం. కానీ ఆ పేరు ఉత్త పేరు కూడా కాదు. మంచి రోజుల్లో అది నిద్రపోతుంది. చెడ్డ రోజున లేస్తుంది. అందులోనూ ఒకప్పుడు వాతలు పడ్డ జనానికి ఆ పేరు ప్రతి ప్రమాణంలోనూ గుచ్చుకుంటుంది. ఆ పేరు ఉంచుకోవాలా వద్దా అని చెప్పాల్సింది ఆ దేశపు జనమే. ఇంకెవరూ కాదు.

జమైకాలో ఇప్పుడు అదే చర్చ నడుస్తోంది. రాజును తీసెయ్యడానికి 2024లో అక్కడి పార్లమెంటులో బిల్లు పెట్టారు. అక్కడ మాత్రం ఆఖరి మాట జనం ఓటుదే.

వేలిముద్ర వేసినన్నాళ్లూ కాగితం మీద ఏముందో ఎవరో చెబితే వినాలి. సంతకం నేర్చుకున్న రోజు మన పేరు మనమే రాసుకుంటాం. కూలి డబ్బులు ఆ రోజు పెరగవు. అయినా ఆ సంతకం పెట్టినప్పుడు మనసుకు ఏమనిపించిందో, 2021 నవంబరు 30న ఆ చెరకు దీవి జనానికీ అలాంటిదే అనిపించి ఉంటుంది.

కొత్త మాటలు

విధేయత : చెప్పిన మాటకు లోబడి ఉండడం.
గవర్నర్ జనరల్ : రాజు బదులు ఆ దేశంలో ఉండే ప్రతినిధి.
గణతంత్రం : రాజు లేకుండా, ప్రజల పేరున నడిచే దేశం.
కామన్‌వెల్త్ : ఎక్కువగా ఒకప్పుడు బ్రిటన్ ఏలిన దేశాలు కలిసి పెట్టుకున్న కూటమి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఇంట్లో పాత నాణెం ఉంటే తెచ్చి చూడండి. దాని మీద ఎవరి బొమ్మ ఉంది? ఏ సంవత్సరం ఉంది?
2. నానీ గ్రిగ్‌కు చదువు రాకపోతే ఏమయ్యేది?
3. మీ ఊళ్లో పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అయిన సంగతులు ఏమున్నాయి?
4. మీ ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది? ఈసారి మీరే చదివి చూడండి.